కన్నులకు చదువు చెప్పిన జవాల్

పసిబిడ్డకు మెల్లకన్ను ఉన్నచో అది అదృష్టమని మన పల్లెలలో చిరకాలముగా ఒక నమ్మకము కలదు. కామవరపుకోట మెట్టలో విన్నను, కొల్లేటి లంకలలో విన్నను ఆ మాట ఒకటే. ఇల్లు కలిసివచ్చునని పెద్దలు మురిసిపోవుదురు. ఆ మురిపెము చాటున బిడ్డ చూపు ఒక కంట కొంచెము కొంచెముగా మందగించుచుండుట ఎవరికిని కానరాదు. బిడ్డకు నొప్పి లేదు, కన్ను ఎరుపెక్కదు, నీరు కారదు. రెండవ కన్ను చక్కగా చూచుచుండుటచే తన లోపము బిడ్డకే తెలియదు. ఇరువది యేండ్లు వచ్చిన పిమ్మట ఏ పోలీసు ఉద్యోగమునకో వెళ్ళి, వైద్యుడు ఒక కన్ను మూయించి అక్షరములు చదువుమన్నప్పుడు గాని గుట్టు బయటపడదు. అప్పటికి కాలము చాలవరకు మించిపోయి యుండును.

మెల్లకన్నును తిన్నగా నిలబెట్టుట వేరు, ఆ కంటిచేత చూపించుట వేరు అని వైద్యలోకమునకు నచ్చజెప్పుటకై జీవితములో మంచి భాగమును ధారపోసినవాడు ఫ్రెంచి దేశీయుడైన లూయీ ఎమీల్ జవాల్. నేత్రవైద్యులలో ఆయన పేరు వినని వారుండరు. మన పాఠశాలలలో మాత్రము ఆ పేరు వినబడదు. ఇది కొంత వింతయే. ఏలనన, పిల్లవాడు పుస్తకము చదువునప్పుడు వాని కన్ను ఏమి చేయునో తరచి చూచినవాడును, తరగతి గదిలో వెలుతురు ఎట్లుండవలెనో పట్టుబట్టి చెప్పినవాడును ఆయనయే.

జవాల్ 1839వ సంవత్సరము మే 5వ తేదీన పారిస్ నగరమున జన్మించినాడు. తండ్రి లెయోపోల్డ్ జవాల్ బ్యాంకు వ్యాపారి, భూస్వామి. తరువాతి కాలమున యోన్ మండలమునకు శాసనసభా ప్రతినిధి. కలిగిన కుటుంబము. కాని ఆ ఇంట ధనముతో తీరని కొరత ఒకటి ఉండెను. తండ్రికి మెల్లకన్ను. సోదరి సోఫీకిని మెల్లకన్నే. కుఱ్ఱవానికి ఊహ తెలిసిన నాటినుండి తండ్రి ముఖమునను, సోదరి ముఖమునను కనబడిన ఆ లోపమే పిదప వాని శాస్త్రమైనది.

జవాల్ పుట్టిన యేడే మెల్లకన్ను వైద్యమున ఒక పెద్ద మార్పు వచ్చినది. 1839 అక్టోబరు 26వ తేదీన బెర్లినులో డీఫెన్‌బాక్ అను శస్త్రవైద్యుడు ఏడేండ్ల బాలుని కన్ను ముక్కువైపు లాగుచున్న కండరమును కత్తిరించినాడు. కన్ను తిన్నగా నిలిచినది. మత్తుమందు ఇంకను వాడుకలోనికి రాని దినములవి. ఆ వార్త దావానలమువలె ఐరోపా అంతట వ్యాపించినది. కొన్ని మాసములలోనే నగర నగరమున కత్తులు లేచినవి. కాని కండరమును కోయుట సులువు, దాని బలమును కొలుచుట కష్టము. నిన్నటివరకు ముక్కువైపు తిరిగిన కన్ను, కోత తరువాత కొన్ని యేండ్లకు చెవివైపు తిరిగిపోయిన వారెందరో. చూడ్డానికి తిన్నగా నిలిచిన కన్నులు సైతము చూచునప్పుడు జతకలియక పోయినవి. ఆ శస్త్రచికిత్సల ఉత్సాహము చల్లారి, దాని చేదు ఫలితములు ముఖముల మీద మిగిలిన కాలమున జవాల్ పెరిగి పెద్దవాడైనాడు. కన్నుల కండరములపై జరిగినది వైద్యము కాదు, ఊచకోత యను భావము ఆయనకు జీవితాంతము పోలేదు.

కత్తితో కానిది మరి దేనితో అగును? ఆ సమాధానమునకు మూలము ఇంగ్లండులో దొరికినది. భౌతికశాస్త్రము చదివిన విద్యార్థులందరును వీట్‌స్టన్ బ్రిడ్జి నెరుగుదురు. నిజమునకు దానిని మొదట కనిపెట్టినవాడు క్రిస్టీ యను మరియొక ఆంగ్లేయుడు. వీట్‌స్టన్ దానికి ప్రచారము తెచ్చినాడు. వీట్‌స్టన్ సొంత సొత్తని చెప్పదగినది 1838లో ఆయన ప్రకటించిన స్టీరియోస్కోపు. మన రెండు కన్నుల నడుమ ఎడము ఇంచుమించు ఆరు సెంటీమీటర్లు. కనుక ఒకే వస్తువు కుడికంటికి ఒక విధముగను, ఎడమకంటికి ఒక విధముగను కనబడును. ఆ రెండు బొమ్మలను మెదడు కలిపి ఒకటిగా చేయును. వాని నడుమనున్న తేడానుండియే వస్తువు యొక్క లోతును గ్రహించును. రెండు చదునైన బొమ్మలను చెరియొక కంటికిని విడివిడిగా చూపినచో, ఎదుట నిజమైన ఘనవస్తువు నిలిచినట్లే తోచునని వీట్‌స్టన్ తన అద్దముల పరికరముతో ఋజువు చేసినాడు.

దీనికి పరికరము లేకుండనే చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. పాఠశాల ఆవరణలో నిలిచి, దూరమున ఒక తాటిచెట్టును ఎంచుకొని, ముఖమునకు ఎదురుగా బొటనవ్రేలిని నిలువుగా పట్టుకొనవలెను. తాటిచెట్టును చూచుచున్నంతసేపు వ్రేళ్ళు రెండుగా కనబడును. చూపును వ్రేలిమీదికి తెచ్చినచో వ్రేలు ఒకటే, తాటిచెట్లు రెండు. రెండు కన్నులును పనిచేయుచున్నవాని కెవనికైనను ఇది కనబడవలెను. ఎంత చూచినను రెండవ చెట్టు కనబడదను పిల్లవాడు ఉన్నచో ఉపాధ్యాయుడు వానిని గుర్తుంచుకొనుట మంచిది.

ఇక మెల్లకన్ను సంగతి. పెద్దవానికి హఠాత్తుగా కన్ను ప్రక్కకు తిరిగినచో లోకమంతయు రెండుగా కనబడును. వాడు నడువలేడు, మెట్లు దిగలేడు. పసివానికి అట్లు కాదు. వాని మెదడు ఇంకను లేతది. రెండు బొమ్మలు కలియకపోవుటచే కలుగు గందరగోళమును తప్పించుకొనుటకు అది ఒక బొమ్మను త్రోసివేయును. త్రోసివేయబడిన కన్ను తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండబెట్టి ఎన్నడును ప్రశ్న అడుగని పిల్లవాని వంటిది. రానురాను దానికి పాఠము రాకుండ పోవును. కంటిలో పుండు లేదు, పొర లేదు, నరము తెగలేదు. చూపు మాత్రము లేదు. దీనినే వైద్యులు ఆంబ్లియోపియా అందురు. మెల్ల లేకున్నను, రెండు కన్నుల శక్తిలో పెద్ద తేడా ఉన్నప్పుడు కూడ ఇది వచ్చును. అప్పుడు ముఖము చూచి ఎవరును పోల్చలేరు.

బలమైన కంటిని మూసి బలహీనమైన కంటిచేత పని చేయించవలెనని 1743లోనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్యుఫాన్ చెప్పియుండెను. అది సగము మార్గము. చూపు వచ్చిన పిమ్మట ఆ కన్ను తన జంటతో కలిసి పనిచేయుట ఎట్లు నేర్చుకొనును? జవాల్ పట్టుకొన్నది ఈ రెండవ సగమును.

ఆయన మొదట వైద్యుడు కాడు. గనుల ఇంజనీరుగా శిక్షణ పొందినాడు. రాతి పొరలను కొలువవలసిన వాడు ఆ వృత్తిని విడిచి వైద్యవిద్యలో చేరుటకు ఇంటనున్న మెల్లకన్నులే కారణము. బెర్లిను వెళ్ళి, ఆనాటి నేత్రవైద్యులలో అగ్రగణ్యుడైన ఫాన్ గ్రేఫె వద్ద నేర్చుకొన్నాడు. హెల్మ్‌హోల్ట్జ్ రచించిన దృష్టిశాస్త్ర మహాగ్రంథమును సహచరుడు క్లయిన్‌తో కలిసి 1867లో ఫ్రెంచిలోనికి అనువదించినాడు. మరుసటి యేట వైద్యపట్టము పుచ్చుకొన్నాడు. పట్టమునకై వ్రాసిన సిద్ధాంత వ్యాసము మెల్లకన్ను మీదనే. ఇంజనీరు బుద్ధి ఆయనను విడువలేదు. ఊహించుట కంటె కొలుచుట మేలని నమ్మిన మనిషి.

అప్పటికే హాలండు వైద్యుడు డాండర్స్ 1864 నాటి తన గ్రంథములో ఒక ముఖ్య విషయమును తేల్చియుండెను. దీర్ఘదృష్టి గల పిల్లవాడు దగ్గరి వస్తువును స్పష్టముగా చూచుటకు కంటిని మిక్కిలి శ్రమపెట్టును. ఆ శ్రమతోపాటు కన్నులు ముక్కువైపు తిరుగును. అదియే అలవాటై మెల్లగా నిలిచిపోవును. అట్టివానికి తగిన కళ్ళజోడు పెట్టినచో చాలమందికి మెల్ల తగ్గును, కొందరికి పూర్తిగా పోవును. కళ్ళజోడు పెట్టిన పిల్లను ఎవరు చేసుకొందురని వెనుదీయు తల్లిదండ్రులు ఈనాటికిని ఉన్నారు. ఆ కళ్ళజోడే మందని వారికి చెప్పువారు కావలెను.

జవాల్ పద్ధతి ఓర్పుతో కూడినది. మొదట కళ్ళజోడు. పిమ్మట మంచి కంటిని కప్పి, మందగించిన కంటికి పని. ఆ తరువాత స్టీరియోస్కోపు. 1851 లండన్ ప్రదర్శనములో జనులను ఆకర్షించి, ధనికుల ఇండ్లలో వినోద వస్తువైన ఆ పెట్టెను ఆయన వైద్యశాలకు తెచ్చినాడు. అందులో పెట్టు అట్టలపై ఒక ప్రక్క ఒక గుర్తు, రెండవ ప్రక్క మరియొక గుర్తు ఉండును. రోగికి రెండును కనబడుచున్నవా, ఒకటియే కనబడుచున్నదా? ఇది మొదటి ప్రశ్న. రెండును కనబడినచో ఎంత ఎడముగా కనబడుచున్నవి? అది రెండవది. గుర్తుల నడుమ దూరమును మార్చుచు, కన్నులు వానిని ఒకటిగా కలుపగల చోటును వెదకి, అక్కడినుండి కొంచెము కొంచెముగా కన్నులను తిన్నని స్థితికి నడిపించును. కడపట లోతు తెలియు బొమ్మలు. పరీక్షయు చికిత్సయు ఒకే పెట్టెలో జరిగినవన్నమాట. సోదరి సోఫీ కన్నులకు ఆయన ఈ త్రోవనే అనుసరించినాడు.

ఇంతకంటె తేలికయైన ఉపాయమొకటి ఆయన పేరుతో నిలిచినది. పుస్తకమునకును ముఖమునకును నడుమ ఒక పెన్సిలును నిలువుగా పట్టుకొని చదువవలెను. తల కదలరాదు. పెన్సిలు కుడికంటికి కొన్ని అక్షరములను, ఎడమకంటికి వేరే అక్షరములను మరుగుపరచును. రెండు కన్నులును కలిసి పనిచేయువాడు అడ్డమే లేనట్లు గడగడ చదువుకొనిపోవును. ఒక కన్ను వదిలినది రెండవ కన్ను అందుకొనును. ఒక కంటితోనే చూచువాడు పంక్తి పంక్తికి ఒకచోట ఆగిపోవును, లేదా తల ప్రక్కకు వంచును. ఏ రూపాయియు ఖర్చులేని పరీక్ష ఇది. నేర్చుకొనువానికి అభ్యాసము కూడ ఇదియే. ఉపాధ్యాయుడు దీనితో రోగనిర్ణయము చేయనక్కరలేదు; కంటి వైద్యునివద్దకు ఎవరిని పంపవలెనో తెలిసికొన్న చాలును.

మూడు దశాబ్దముల అనుభవమును జవాల్ 1896లో మెల్లకన్ను మీద ఒక గ్రంథముగా వెలువరించినాడు. అందులో ఆయన గొప్పలు చెప్పుకొనలేదు. అభ్యాసము మాసముల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి సాగవలెను. పిల్లవాడు విసుగుకొనును, తల్లి అలసిపోవును, వైద్యునికి ప్రతిఫలము గిట్టదు. సమకాలికులు పలువురు ఇంత శ్రమ ఎందుకని కత్తినే నమ్ముకొన్నారు. ఇందులో వారి తప్పు పూర్తిగా లేదు. పెద్ద కోణముతో తిరిగిన కంటిని అభ్యాసము మాత్రమే తిన్నగా చేయలేదు. నేటి వైద్యములో శస్త్రచికిత్సకును గౌరవమైన స్థానమున్నది. కాని కన్ను తిన్నగా కనబడినంత మాత్రమున పని ముగియలేదని పట్టుబట్టిన జవాల్ మాటయే చివరకు నిలిచినది.

ఆయన మార్గమున లండనులో క్లాడ్ వర్త్ 1903లో మెల్లకన్నుపై మరియొక ప్రసిద్ధ గ్రంథమును ప్రచురించినాడు. రెండు బొమ్మలను కలుపు శక్తి ఆరవ యేటికి ముందే కుదురుకొనునని, కనుక ఎంత చిన్నతనమున ప్రారంభించిన అంత మేలని ఆయన వాదము. వర్త్ పేరున నాలుగు దీపముల పరీక్ష ఒకటి నేటికిని ఆసుపత్రులలో వాడుకలో నున్నది. ఒక ఎఱ్ఱదీపము, రెండు పచ్చదీపములు, ఒక తెల్లదీపము. రోగికి ఒక కంటికి ఎఱ్ఱ అద్దము, రెండవ కంటికి పచ్చ అద్దము తొడిగింతురు. నాలుగు దీపములు కనబడినచో రెండు కన్నులును కలిసి చూచుచున్నవి. రెండే కనబడినచో పచ్చ అద్దపు కన్నును, మూడే కనబడినచో ఎఱ్ఱ అద్దపు కన్నును మెదడు విడిచిపెట్టినది. అయిదు కనబడినచో రెండును చూచుచున్నవి గాని జతకలియుట లేదు. పసివాడు కూడ లెక్కపెట్టి చెప్పగల పరీక్ష. ఇంకను మాటలు రాని బిడ్డకు అట్టముక్క ఒకటి చాలును. ఒక కంటిని కప్పినప్పుడు రెండవ కన్ను చూపు నిలుపుకొనుటకై కదలినచో, అంతవరకు అది ప్రక్కకు తిరిగి యుండెనని అర్థము.

మెదడు ఇట్లు ఒక కంటిని ఏల విడిచిపెట్టునో 1960 ప్రాంతములలో అమెరికాలో హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనలపై ప్రయోగములు చేసి చూపినారు. పుట్టిన తొలి వారములలో ఒక కంటి రెప్పలను మూసి యుంచినచో, తరువాత తెరచినను మెదడులోని కణములు ఆ కంటికి పలుకలేదు. ఎదిగిన పిల్లి కంటిని మూసినప్పుడు అట్టి హాని కలుగలేదు. 1981లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. కంటిని కప్పు చికిత్సకు సంబంధించి 2003లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తల్లులకు ఊరట కలిగించునది. ఏడేండ్ల లోపు పిల్లలలో మధ్యరకపు మాంద్యమునకు రోజుకు 2 గంటలు కప్పినను, 6 గంటలు కప్పినను ఫలితము దాదాపు సమానమే. ఏడేండ్లు దాటిన వారిలోను కొందరికి మేలు కలుగునని తరువాత తేలినది.

మన వైపు మాట కూడ ఒకటి చెప్పవలెను. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1908లో జన్మించిన చలనచిత్ర దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలముతోను, ధనసహాయముతోను 1987లో హైదరాబాదున ఆయన పేరిట నేత్ర వైద్యసంస్థ వెలసినది. పిల్లల కన్నులకు అక్కడ ప్రత్యేక విభాగమున్నది. జవాల్ పారిస్‌లో అడిగిన ప్రశ్ననే అక్కడి వైద్యులు మన మెట్ట పల్లెల బిడ్డలను అడుగుచున్నారు: రెండు కన్నులును కలిసి చూచుచున్నవా? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కంటి వెలుగు పేరిట పాఠశాల పిల్లల కన్నులను పరీక్షింపించినది. అట్టి పరీక్షలలో ఉపాధ్యాయుడు మరువరానిది ఒక్కటే. అక్షరముల పటమును ఒక్కొక్క కంటితో వేరువేరుగా చదివింపవలెను. మూసిన కంటిమీది చేతివ్రేళ్ళ సందులనుండి పిల్లవాడు తొంగిచూడకుండ కనిపెట్టవలెను.

తిరిగి జవాల్ వద్దకు వత్తము. ఆయన సార్బాన్ విశ్వవిద్యాలయములో నేత్రశాస్త్ర ప్రయోగశాలకు అధిపతియైనాడు. నార్వే దేశీయుడు షియోట్జ్‌తో కలిసి 1881లో కంటి నల్లగ్రుడ్డు మీది కార్నియా వంపును కొలుచు యంత్రమును నిర్మించినాడు. తరతరముల వైద్యులు ఆ యంత్రముతోనే కొలతలు తీసినారు. 1885 నుండి 1889 వరకు తండ్రివలెనే యోన్ మండలమునకు ప్రతినిధిగా శాసనసభలో కూర్చుండినాడు. రాజకీయములలో ఆయన ప్రతిభ అంతగా రాణించినదని చెప్పలేము.

ఉపాధ్యాయులకు ముఖ్యమైనది మరియొకటి. చదువునప్పుడు కన్ను పంక్తి వెంట నీటివలె జారిపోవునని అందరును అనుకొనుచుండిరి. జవాల్ 1879 ప్రాంతమున ప్రచురించిన వ్యాసములును, ఆయన ప్రయోగశాలలో జరిగిన పరిశీలనలును అది తప్పని చూపినవి. కన్ను గంతులు వేయుచు పోవును. ఒకచోట క్షణకాలము నిలిచి కొన్ని అక్షరములను ఒక్క గుక్కలో త్రాగి, మరల దుముకును. రోమను లిపిలో అక్షరముల పై సగమును చూచియే చదువువాడు పదమును గుర్తించుననియు ఆయన తెలిపినాడు. క్రింది సగమును కాగితముతో కప్పినను చదువవచ్చును. పై సగమును కప్పినచో కష్టము. మన లిపికి ఇది అట్లే వర్తింపదు. తలకట్టు, గుడి పైన, ఒత్తులు క్రింద నుండుటచే తెలుగు చదువరి కన్నునకు రెండు సగములును కావలెను. విద్యార్థులు ఈ ప్రయోగమును తమ వాచకముతో చేసి చూచుకొనవచ్చును. అచ్చు అక్షరముల పరిమాణము, పంక్తి పొడవు, పిల్లవాని బల్ల, కిటికీ వీనిపై జవాల్ ఎంతయో వ్రాసినాడు. తరగతిలో ప్రతి పిల్లవాడును తాను కూర్చున్న చోటినుండి కొంత ఆకాశమును చూడగలుగవలెనని ఆయన కోరిక.

ఇట్టివాని కన్నులకే నీటికాసుల వ్యాధి పట్టినది. గ్లాకోమా యని వైద్యులందురు. కంటిలోని ఒత్తిడి పెరిగి నరమును చంపును. ఒక కంటి తరువాత మరియొక కన్ను పోయినది. 1900 నాటికి పూర్తి చీకటి. వయస్సు అప్పటికి అరువది దాటినది. తన వ్యాధి గతిని తానెరిగిన వైద్యుడు గనుక ఆయనకు ఆశ అను ముసుగు కూడ లేకపోయెను.

ఆయన ఆ చీకటిని సైతము ప్రయోగశాలగా చేసికొన్నాడు. 1903లో అంధుల మధ్య అను అర్థము వచ్చు పేరుతో ఒక పుస్తకము వెలువరించినాడు. నడివయస్సు దాటి చూపు పోగొట్టుకొన్నవారికై వ్రాసినదది. భోజనము, నడక, ఉత్తరములు వ్రాసికొనుట, బ్రెయిలు నేర్చుకొనుటలోని కష్టము, ఇతరులు అంధుని ఎట్లు ఆదుకొనవలెనో అన్నియు అందులో ఉన్నవి. ఎక్కడను ఏడుపు లేదు. పంక్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండ అంధుడు వ్రాయుటకు వీలైన బల్ల నొకదానిని ఏర్పరచుకొన్నాడు. ముందు చూపున్నవాడు, వెనుక తాను కూర్చుండి త్రొక్కు ఇద్దరి మూడుచక్రముల సైకిలును వ్యాయామమునకు వాడినాడు, ఇతరులకును సిఫారసు చేసినాడు. చదువుటను గూర్చి ఆయన చేసిన పరిశోధనల సంపుటము 1905లో వెలువడినది. అప్పటికి ఆయన ఒక్క అక్షరమును చూడలేడు.

ఆ యేడే ఎస్పరాంటో అంతర్జాతీయ భాషకు మొదటి మహాసభ ఫ్రాన్సులోని బులోన్ నగరమున జరిగినది. ఆ భాషను కల్పించిన జామెన్‌హోఫ్ కూడ వృత్తిచేత కంటి వైద్యుడే. జవాల్ ఆయనకు స్నేహితుడును, సహాయకుడును అయినాడు. అక్షరముల నెత్తిన పెట్టిన టోపీ గుర్తులు మాత్రము తీసివేయుమని పట్టుబట్టినాడు. అవి చదువువాని కన్నులకు శ్రమయని ఆయన వాదన. తన కన్నులు పోయిన పిమ్మటను ఇతరుల కన్నుల గొడవ మానలేదు.

1907 జనవరి 20వ తేదీన జవాల్ పారిస్‌లో మరణించినాడు. అంతకు రెండేండ్ల క్రిందట, 1905లో, ఆయన పాత సహచరుడు షియోట్జ్ కంటి ఒత్తిడిని కొలుచుటకు ఒక చిన్న పరికరమును తయారుచేసినాడు. నీటికాసులను వేళకు కనిపెట్టుటకు ఆ పరికరమును ప్రపంచమంతట ఆ శతాబ్దమునకు చాల భాగము వరకు వైద్యులు రోగుల కంటిమీద ఉంచి చూచుచుండిరి.